శికారు డేరాలు, చెరువు శిఖము

బొగ్గు కొరకు వేసిన రైలుదారి యొకటి హిందూదేశపు వైస్రాయిని పెద్దపులి ముంగిట కొనిపోయి దింపినది. 1871లో భూగర్భ పరిశోధక శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు అడవులలో నేలబొగ్గు జాడ కనుగొనగా, 1874లో వాడి స్టేషను నుండి సికింద్రాబాదు దాక వచ్చి నిలిచిపోయిన నిజాము రైలు ఆ నల్లబంగారముపై ఆశతో మరల తూర్పునకు కదలి, 1886లో వరంగల్లును, 1888లో డోర్నకల్లు మీదుగా ఇల్లందును, ఆ మరుసటి యేడు బెజవాడను చేరుకొన్నది. మనకు కావలసినది ఆ దారిలో వరంగల్లు దాటిన తరువాత వచ్చు నెక్కొండ అను చిన్న స్టేషను.

1902 ఏప్రిలు, మే మాసములలో లార్డు కర్జన్ సంస్థానమునకు వేటకు విచ్చేసినపుడు విడిది వేసినది ఆ నెక్కొండ దగ్గరనే. స్టేషను చుట్టునున్న చేలు దాటిన పిమ్మట ఉత్తరమున నర్సంపేట, నర్సంపేటకు తూర్పున పాకాల, ఆపైన గోదావరి దాక ఎడతెగని అడవి. మన్నెపు మనుగడ తెలియని దొరలకు అంతకు పూర్వము ఎడ్లబండ్లపైన, ఏనుగులపైన దినముల తరబడి పోవలసిన ఆ చోటు, బొగ్గు పుణ్యమా యని, రాత్రి హైదరాబాదులో భోజనము చేసినవాడు తెల్లవారి తుపాకి పట్టుకొనదగినంత దగ్గరైనది. పెద్దపల్లి, రామగుండము, గోదావరిఖని వాసులు రైలనిన బొగ్గు వ్యాగనులనే తలతురు. వారి కాజీపేట–బల్లార్షా దారి 1920 దశకము చివరకు గాని పూర్తి కాలేదు. అంతకు నాలుగు దశాబ్దములు ముందే దక్షిణపు బొగ్గుదారి అడవిని తెరచి, రాజులకును రాజప్రతినిధులకును అప్పగించినదన్న సంగతి మన ప్రాంతపు చరిత్రలో తగినంతగా చెప్పుకొనబడలేదని నా అభిప్రాయము.

ఆ వేటను చిత్రించినవాడు రాజా దీనదయాళ్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడై 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన ఈ దిట్ట తీసిన పటములలో ఒకటి నేటికిని వేటను గూర్చిన పుస్తకములన్నింట అచ్చగుచుండును. నేలపై చచ్చిన పులి. దాని వెనుక దొరయు, దొరసానియు నిలుచుండిరి. ఆ చిత్రమును చూచువారి కన్నులు మొదట పులిపైని, పిదప దొరసాని దుస్తులపైని వ్రాలుట సహజము. నేను చూడవలసినదిగా కోరునది ఆ పటములో లేని రెండు వస్తువులను. ఒకటి, ఆ పులిని అక్కడకు రప్పించిన నీరు. రెండవది, ఆ పులిని తుపాకి దాక తోలిన జనము.

కర్జన్‌ను గూర్చి ఇంకొక మాట. జునాగఢములో సింహములు కొద్దియే మిగిలియున్నవని తెలిసి 1900 ప్రాంతమున అక్కడి సింహపు వేట మానుకొన్నవాడు ఇతడే. అక్కడి గిర్ అడవిలో లేని తొందర నెక్కొండలో ఏల కలిగెననిన, నాటికి తెలంగాణమున పులులు తరుగని ధనముగా తోచుటయే కారణము. ఉన్నదని తోచినంత కాలము ఎవ్వరును లెక్క పెట్టరు.

నీటి సంగతి చూతము. పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలపుది; మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాళు ముమ్మడి దానిని కట్టించెనని శాసనము చెప్పుచున్నది; 1213 ప్రాంతము నాటిదని చరిత్రకారులు చెప్పుదురు. రెండు గుట్టల నడుమ వాగునకు అడ్డముగా సుమారు మైలు పొడవున కట్ట పోసి ఆపిన ఆ నీరు, నిండినపుడు ముప్పది చదరపు కిలోమీటర్లు పరచుకొనును. మున్నేరు పుట్టినది అక్కడనే. చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో ఒకటియని నమ్మిన ఆ కాలపు వారు వరిమడి కొరకును, పరలోకము కొరకును దానిని కట్టిరే కాని వేట కొరకు కాదు. అయినను వారు తెలియకయే తెలంగాణమునకు వేటపట్టు నిర్మించి పోయిరి.

ఎట్లనగా, కట్ట అను మాట వినగానే మనకు తూము, మత్తడి, ఆయకట్టు స్ఫురించును. ఇవి యన్నియు చెరువునకు ముందువైపు సంగతులు. వెనుకవైపున, అనగా నీరు వచ్చి చేరు వైపున, కట్ట ఉండదు. అక్కడ నేల వాలుగా, మెల్లగా, ఎక్కడ నీరు ముగిసి ఎక్కడ గట్టు మొదలగునో చెప్పనలవి కానట్లు అడవిలోనికి పోవుచుండును. వానలు వెనుకబట్టి కార్తిక మార్గశిరములు దాటినది మొదలు, పొలమునకు నీరు విడిచిన కొలది ఆ అంచు దినదినము వెనుకకు జరుగును. జరిగిన మేర బయలుపడు తడినేలనే మనవారు శిఖము అందురు. రికార్డులో అది సర్కారు భూమి. ఎండకాలమున ఊరి పశువులకు మేత. మాన్యము లేని బీదవానికి గుప్పెడు దోస, పుచ్చ విత్తులు చల్లుకొనదగిన చోటు. దాని మెత్తని బురదలో మొదట తుంగ, ఆపైన జమ్ము, నీరు మోకాలిలోతు నిలుచు చోట కలువ, అల్లి, తామర. బురద ఆరిన చోట వ్రేలెడు పొడవున పచ్చిక. అడవిలోని వాగులన్నియు ఇంకిపోయి, టేకు ఆకు రాలి నేలపై పడి గలగలలాడు చైత్ర వైశాఖములలో, చుట్టు పది క్రోసుల మేర పచ్చగా నున్న పోచ ఆ శిఖము మీదనే దొరకును. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, అడవిపంది దానికై వచ్చును. వాని వెంట పులి వచ్చును. ఏప్రిలు, మే నెలల మండుటెండలో, తెల్లవాడు మంచుకొండలకు పారిపోవలసిన కాలమున, వైస్రాయి నెక్కొండలో డేరా వేసినాడనిన ఇందుకే. పులి నీటిని విడిచి పోలేదు గాన దానిని వెదకనక్కరలేదు.

ఇది కర్జన్ కనిపెట్టిన కిటుకు కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజు విహారమునకు మృగవనము ఎట్లుండవలెనో విధించుచు, చుట్టు కందకము, ఒకే ద్వారము, తియ్యని పండ్ల పొదలు, ముండ్లులేని చెట్లు చెప్పి, వానితోబాటు లోతులేని జలాశయము ఉండవలెననెను. లోతులేని అను విశేషణమే ఇందు ముఖ్యము; లోతైన కోనేరు మృగమునకు పనికిరాదు, అంచు వాలుగా నున్న మడుగే పనికివచ్చునని ఆయన ఎరుగును. అంతటితో ఆగక, రాజ్యపు సరిహద్దున మరియొక వనము నిలుపవలెనని, అందు మృగములన్నియు అతిథులుగా, అనగా ఎవరివలనను హాని పొందక, ఉండవలెననియు చెప్పినాడు. గోళ్లు, కోరలు తీసిన మృగములతో రాజు ఆడుకొను వనము ఒకటి. మృగములు తమంత తాము బ్రతుకు వనము ఒకటి. మన దేశమున వేటగృహమునకును అభయారణ్యమునకును బీజములు ఒకే ప్రకరణమున, ప్రక్కప్రక్కన పడినవి.

ఇక ఆ వేటల ఆడంబరము. తెలంగాణపు శికారులో రాతిబంగళా కంటె గుడారమే ప్రధానము. పులి ఏ వాగున నున్నదో దానినిబట్టి విడిది మారవలెను గాన, పాదుషాహీ వేటగృహమనునది చాలవరకు మోకులతోను, మేకులతోను లేచి, పదునైదు దినములకు మరల ఎత్తబడు ఒక బట్టల పట్నము. అందు దర్బారు డేరా, భోజనపు డేరా, స్నానపు డేరా, వంటవాండ్రకు, గుఱ్ఱపువాండ్రకు, మావటీలకు వేర్వేరు వరుసలు. దారికి ఇరుప్రక్కల ముగ్గుపిండి వలె తెల్లసున్నపు గీతలు. మహబూబ్ అలీఖాన్ ఈ విద్యలో ఆరితేరినవాడు. ముప్పదికి పైగా పులులను కూల్చినాడని ప్రతీతి. 'తీస్ మార్ ఖాన్' అని జనము ఆయనను చెప్పుకొనుట నేటికిని హైదరాబాదులో వినవచ్చును. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు వచ్చినపుడును సంస్థానము వేటతోనే ఆతిథ్య మిచ్చినది. ఇరువది యొక్క యేండ్ల తరువాత సరయేవోలో అతడే తుపాకికి గురియై లోకయుద్ధమునకు కారణము కాగలడని నాడు ఎవ్వరు ఎరుగుదురు?

ఈ గుడారములు తమంత తాము లేవలేదు. పటములో కానరాని రెండవ వస్తువు ఇదియే. వెట్టి యని తెలంగాణమంతట వ్యాపించి, 1940 దశకపు రైతాంగ పోరాటము దాక వేళ్లూనికొనియున్న ఆ ఆచారమున, ఊరిలో సర్కారు అధికారి ఒకడు విడిది చేసిననే చాకలి బట్టలు, పాత్రలు చూడవలెను. కుమ్మరి కుండలు తేవలెను. బెస్త నీరు మోయవలెను. గొల్ల మేకను, కోమటి దినుసును ఇయ్యవలెను. వెట్టివాడు సామాను నెత్తిన పెట్టుకొని తరువాతి ఊరి పొలిమేర దాక పరుగెత్తవలెను. గిర్దావరు వచ్చిననే ఇంతయైన, పాదుషా వచ్చిన ఎంతయో పాఠకులే ఊహించుకొందురు గాక. దానికి తోడు హాకా.

హాకా యనగా తోలుడు. ముందుగా కోయ జాడకాండ్రు తెల్లవారుజామున చెరువు శిఖము వెంబడి నడచి, తడిమట్టిలో పడిన పంజా గుర్తును చూచి, అది ఆడుదా మగదా, నీరు త్రాగి వచ్చినదా పోవుచున్నదా, అంచు ఎండినదా లేదా అని కనిపెట్టి కబురు చెప్పుదురు. ముందురాత్రి కట్టిన దున్నపోతు దూడను పులి కొట్టి, కడుపునిండ తిని, ప్రక్కనున్న ఒర్రెలో నీడ చూచుకొని పడుకొన్నదని తేలిన తరువాత, ఒర్రెకు ఒక కొసన చెట్లపై మంచెలు. ఇరుప్రక్కల చెట్లపై నిశ్శబ్దముగా కూర్చుండి, పులి ప్రక్కకు మరలినచో కొమ్మపై చిన్నగా తట్టి దానిని దారికి తెచ్చు మనుషులు. వేరొక కొసన వందలకొలది ఊరివారు, డప్పులతో, రేకుడబ్బాలతో, కేకలతో. దొర మంచె ఎత్తున నుండును. హాకావాడు నేలపై, చేత కఱ్ఱతో, పొదల నడుమ నుండును. గాయపడిన పులి మంచె ఎక్కదు. ఎవని మీద పడునో వేరుగా చెప్పనక్కరలేదు. కూలి ఇచ్చిన వేటలును లేకపోలేదు. ఇచ్చినది చేతికి అందులోపల ఎందరి చేతులు మారెడిదో నాటి పటేలు పట్వారీల తీరు ఎరిగినవారికి తెలియును. జాడ తీసిన కోయవాని పేరు పటము క్రింద ఎన్నడును ఎక్కలేదు. అతడు అదే అడవిలో తన కడుపునకై కుందేలునకు ఉరి వేసిన మాత్రము నేరమయ్యెను. అడవిపై హక్కు ఎవరిదన్న ఆ ప్రశ్నయే ఉత్తరమున ఆసిఫాబాదు కొండలలో కుమురం భీమును లేపి, 1940లో జోడేఘాటులో అతని ప్రాణము తీసినది.

నీటి యొడ్డున నిలుకడగా కట్టిన బంగళాల వంతు ఏడవ నిజాము కాలమున వచ్చినది. 1916 నుండి 1922 వరకు మెదకు, నిజామాబాదు సరిహద్దున మంజీరకు ఉపనది యైన ఆలేరుపై పోచారము ఆనకట్ట కట్టిరి. పాకాలవలెనే దీని ఉద్దేశమును వరిపైరే. పాకాలవలెనే దీని వెనుక అడవి. ఆ అడవి నిజామునకు ప్రియమైన శికారుగాహు, అనగా వేటపట్టు. కట్టకు చేరువ నాటి విడిది బంగళా ఒకటి కలదు. ఇట్టి బంగళాల తీరు తెలంగాణమంతట ఒకటియే: నిలువెత్తు అరుగు, సున్నపు గోడలు, ఆకాశమంత ఎత్తున మిద్దె, నీటివైపు ముఖము త్రిప్పిన వెడల్పైన వసారా, స్నానపుగదికి వెనుకనుండి నీళ్లు మోయువాడు మాత్రమే వచ్చిపోవు సన్నని తలుపు. వసారాలో కూర్చున్నవానికి నీరు, నీటిపై పక్షి, ఆవలి గట్టున మేయు దుప్పి కనబడును. నీళ్లు మోయువాడు కనబడడు. వేట నశించి బంగళా పాతబడిన తరువాత అచ్చట చూడదగినది ఆ చిన్న తలుపే యని నా కనిపించును.

చలికాలపు వేట వేరు. అది పులిది కాదు, పిట్టది. కార్తికము వచ్చుసరికి ఉత్తరపు మంచుదేశముల నుండి, హిమాలయములకు ఆవలి నుండి కూడ, పరజలు, సూదితోక బాతులు, తలపై రెండు నల్లగీతలున్న పెద్దబాతులు, చక్రవాకములు గుంపులు గుంపులుగా మన చెరువులపై వ్రాలును. నీటి నడిబొడ్డున బొల్లికోళ్లు నల్లచుక్కలవలె తేలుచుండును. జమ్ము మొదళ్లలో ఊదారంగు నీటికోడి తన పొడవైన వ్రేళ్లతో దుంపను పట్టి, మనిషి చెరకు కొరికినట్లు కొరుకుచుండును. తామరాకుపై ఆకు మునుగకుండ నడచు పిట్ట ఒకటి. బురదలో ముక్కు దిగగొట్టి, కాలు మోపిన దాక కనబడక, మోపిన పిదప వంకరటింకరగా ఎగిరిపోవు ఉల్లంకి మరొకటి. తూటాకు అందని ఈ ఉల్లంకిని కొట్టగలుగుటయే తుపాకి నేర్పునకు గీటురాయి యని దొరలు తలంచెడివారు. గండభేరుండములను వధించి వచ్చినట్లు వారు వ్రాసికొన్న దినచర్యలు చదువునపుడు, పిడికెడైనను లేని ఆ పక్షిని తలచుకొనిన నవ్వు వచ్చును. పరజల వేటకు బెస్తవాండ్రు తెప్పలు నడపి గుంపును లేపవలెను. చచ్చిన పిట్టలను మొసలికి దక్కకముందు మెడలోతు నీటిలో దిగి ఏరి తేవలెను. వాని కూలి వాని చలి.

అయినను ఆ పిట్టలను గూర్చి మనకు నేడు తెలిసినదానిలో చాలభాగము తుపాకి చలవయే యని ఒప్పుకొనవలెను. 1931–32లో సలీం అలీ నిజాము ప్రభుత్వపు సాయముతో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పత్రికలో అచ్చైన ఆ సర్వే నాటి పద్ధతిప్రకారము చూచి వ్రాసికొన్నది మాత్రమే కాదు. పిట్టను కొట్టి, చర్మము ఒలిచి, దూది కూరి, కాలికి చీటి కట్టి భద్రపరచినది. ఎక్కడ ఏ పక్షి ఏ ఋతువున నుండెడిదో తొంబది యేండ్ల క్రిందటి స్థితిని మనము పోల్చి చూచుకొనుటకు ఉన్న తూనికరాయి అది. వేటగాని దినచర్యకును, పండితుని చీటీకిని భేదము తుపాకిలో లేదు. ఆ రాత్రి దీపము ముందు కూర్చుండి ఏమి వ్రాసెనో అందున్నది.

సంస్థానము పోయిన నాలుగేండ్లకే, 1952లో, పాకాల, ఏటూరునాగారము, పోచారము అభయారణ్యములుగా ప్రకటింపబడినవి. పాకాల సుమారు 860 చదరపు కిలోమీటర్లు, పోచారము 130. ఈ హద్దులు మృగముల మేలు కోరిన శాస్త్రజ్ఞులు కొత్తగా కొలిచి గీసినవి యనుకొనరాదు. పూర్వము పాదుషాకు తప్ప పరులకు తుపాకి అనుమతి లేని శికారుగాహుల చోటనే అవి చాలవరకు వెలసినవి. రాజు తన వేట కొరకు ఇతరుల వేట ఆపిన చోటనే మృగము మిగిలినది. మిగిలిన చోటనే రక్షణ వచ్చినది. 1972లో వన్యమృగ సంరక్షణ చట్టము వచ్చిన పిదప తుపాకి మూలపడినది. కాని నాడు అడవిలో కట్టె కొట్టుకొనరాదని, శిఖము మీద పశువులను తోలరాదని ఊరివాని కెదురైన కాపలావాడు, దుస్తులు మార్చుకొని, నేడును ఎదురగుచున్నాడు. న్యాయముగా నడచిన చరిత్రయైనచో, పాకాలలో పులి జాడ తీసిన కోయవాని మనుమడు మొదటి వనపాలకుడు కావలసియుండెను.

మన పెద్దపల్లి సంగతికి వత్తము. పాకాల వంటి చెరువుగాని, పోచారము వంటి బంగళాగాని ఈ జిల్లా చరిత్రలో లేవు; ఇక్కడి నీరు గోదావరి. మంథని దాటి ఖాన్‌సాయిపేట వైపు పోయినచో నది గుట్టల నడుమ ఇరుకున పడి, వంక తిరిగి, అడుగు అందని మడుగై నిలుచును. ఎల్‌మడుగు అని దానిని పిలుతురు. ఆవలి యొడ్డు శివారము. టేకు అడవి నీటి దాక దిగివచ్చిన ఆ చోట, ముప్పది చదరపు కిలోమీటర్లైనను లేని శివారము అభయారణ్యమున, ముఖ్యముగా కాపాడవలసినది పులి కాదు; మొసలి. మగ్గరు జాతికి చెందిన ఈ మొసలి చలికాలపు ఉదయమున బండపై నోరు తెరచుకొని, చచ్చినదో బ్రతికినదో తెలియనట్లు గంటల తరబడి ఎండకాగును. ఎండలు ముదురుటకు ముందు ఆడుది నీటియంచు పైనున్న ఇసుకదిబ్బలో, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టి పూడ్చును. ఆ ఇసుక వేడిమియే వానికి పొదుగుడు. పిల్ల గ్రుడ్డులో నుండి అరచినపుడు తల్లి వచ్చి త్రవ్వి, నోట కరచుకొని నీటిలో విడుచును. దీనికి లోతైన మడుగు ఒక్కటియే చాలదు. మడుగు ప్రక్కన నీట మునుగని ఇసుక కావలెను. చెరువునకు శిఖము ఎట్టిదో నదికి ఇసుకదిబ్బ అట్టిది.

కాళేశ్వరము ఎత్తిపోతలలో భాగముగా సుందిళ్ల, అన్నారము వద్ద బ్యారేజీలు లేచి, నది మెట్లుమెట్లుగా నిలిచిన నీరైనపుడు, ఒడ్డువారు ఎండకాలమున నిండు గోదావరిని చూచి పొంగిపోయిరి. అందు తప్పులేదు, ఎండిన నదియొడ్డున పుట్టి పెరిగినవారికి అది కన్నులపండుగయే. నిలిచిన నీటిలో ఇసుక మునుగుననియు, 2023 అక్టోబరులో దిగువనున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన పిదప పైబ్యారేజీలును ఖాళీ చేసినపుడు నీటియంచు ఒక్కసారి దిగజారిపోయెననియు మొసలి దృష్టితో చూచినవారు కొద్దిమంది. మొసలికి వరదయు, వేసవియు క్రొత్త గావు. కోట్ల యేండ్లుగా అది వానితోనే కాపురము చేయుచున్నది. ఋతువు ననుసరించి గాక మీట ననుసరించి ఎక్కిదిగు నీరు దానికి క్రొత్త.

నదిని విడిచి బొగ్గుబాయిల వైపు తిరిగినచో మరియొక జాతి నీరు కనబడును. 1978లో పునాది పడి, 1983లో మొదటి యూనిట్టు వెలిగిన రామగుండము ఎన్‌టీపీసీ కేంద్రము తన అవసరమునకై పెద్ద జలాశయము నిలుపుకొన్నది. 2022లో దానిపై సుమారు 500 ఎకరముల మేర సౌరఫలకములు తేలవేసి 100 మెగావాట్ల విద్యుత్తు తీయుచున్నది. నీరు ఆవిరి కాకుండ ఫలకములు కొంత కాపాడుననుట నిజమే. తేలు బాతునకు కావలసిన తేరిపార నీరు ఆ మేరకు తగ్గుననుటయు నిజమే. ఈ రెండు నిజములలో మొదటిది లెక్కల పుస్తకమున ఎక్కును.

అంతకంటె విచిత్రమైనది ఓపెన్‌కాస్టు గోతులలోని నీరు. గోదావరిఖని చుట్టును బాయిల కాలము 1960 ప్రాంతమున మొదలైనది. ఆపైన నేలను పైనుండి ఒలిచి తీయు ఓపెన్‌కాస్టులు వచ్చినవి. తీసిన మట్టి గుట్టలై నిలిచినది. బొగ్గు పోయిన చోట మిగిలిన గొయ్యిలో ఊటయు, వానయు చేరి, పచ్చగా, అద్దమువలె, భయము పుట్టించు లోతున నీరు నిలుచును. పైనుండి చూచినవానికి అది చెరువే. ఆకాశమున పోవు బాతుల గుంపునకును చెరువే. దిగి, రాత్రి అలసట తీర్చుకొని పోవుటకు పనికివచ్చును, మేతకు పనికిరాదు. ఏలననగా దాని గోడలు మెట్లు చెక్కినట్లు నిట్టనిలువుగా నుండును. తుంగ వేరూనుటకు జానెడు వాలు లేదు. జమ్ము లేదు, నత్త లేదు, చేపపిల్ల దాగుటకు చోటు లేదు, దుప్పి మూతి అందించుటకు గట్టు లేదు. పాకాలను కట్టిన ముమ్మడి వాగు వాలును చెడగొట్టక ముందువైపు మాత్రమే మూసినాడు. మన యంత్రము నలువైపుల గోడ నిలిపి నడుమ నీరు పోయించుచున్నది.

గని మూసినపుడు దానిని ఎట్లు విడిచిపెట్టవలెనో ముందే ప్రణాళిక వ్రాసి, ఖర్చు విడిగా జమచేయవలెనని కేంద్ర బొగ్గు శాఖ 2009లో నియమము చేసినది. ఆ కాగితములలో మట్టిగుట్టలపై నాటు మొక్కల లెక్క ఉండును, గోతిచుట్టు కంచె ఉండును. గోడ యొకవైపునైన తీసిన మట్టితో పూడ్చి, నీరు ఎక్కిదిగుటకు నూరు గజముల వాలు విడిచినచో పదేండ్లలో అచ్చట తుంగ మొలచును; దాని కయ్యెడు ఖర్చు, యంత్రములు ఇంకను గోతిలో ఉన్నంతవరకు స్వల్పము, అవి వెడలిపోయిన పిదప భరింపరానిది. గనుక ఒడ్డు వాలు ఎంతయను ప్రశ్న గని మూసిన నాడు కాదు, చివరి బొగ్గుపొర త్రవ్వుటకు ముందే, మట్టి లారీ ఎటు పోవలెనో నిర్ణయించు నాడే అడుగవలసియున్నది.